పిల్లవాడి తల మీద ఒట్టు వేయించవద్దు

చెల్లెలికి ఆశీస్సులు.

పిల్లల వార్డులో ఉద్యోగానికి చేరి మూడు నెలలైందని, ఆయాసంతో వచ్చే పసిపిల్లల తండ్రుల దగ్గర బీడీ వాసన గుప్పుమంటుంటే ఏమి చెప్పాలో, ఎంతవరకు చెప్పాలో తోచడం లేదని రాశావు. కరీంనగర్, జగిత్యాల వైపు ముప్పై ఏళ్లకు పైగా ఆ పనే చేసి, అందులో సగం కాలం తప్పుగా చేసినదాన్ని కనుక, ఆలస్యంగానైనా నాకు తెలిసివచ్చినది రాస్తున్నాను.

ముందు నా తప్పు చెబుతాను. ఒక చలికాలంలో ఏడు నెలల పిల్లవాడు డొక్కలెగరేస్తూ, పిల్లికూతలతో వచ్చాడు. రెండో రాత్రి తండ్రి, మందును ఆవిరిలా పీల్పించే నెబ్యులైజర్ మాస్కును బిడ్డ ముఖానికి ఆనించి పట్టుకుని కూర్చున్నాడు. ఆ చేతి చూపుడువేలు, నడిమివేలు గోళ్ల దాకా పసుపుబారి ఉన్నాయి. భార్య, అత్త, పక్క మంచాలవాళ్లు అందరూ వింటుండగానే, "నీ బీడీలే ఈ పిల్లవాణ్ణి ఇక్కడికి తెచ్చాయి" అన్నాను. అత్తగారు ఆ మాట అందుకుని, బిడ్డ తల మీద అతని చెయ్యి పెట్టించి, ఇక ముట్టనని ఒట్టు వేయించింది. మంచిపని జరిగిందనే అనుకున్నాను. మర్నాడు అతను గేటు ముందరి టీకొట్టు దగ్గర కాలుస్తుండగా బావమరిది చూశాడు. ఆ సాయంత్రమే పిల్లవాడికి ఆయాసం పెరిగింది. ఆ జబ్బు (బ్రాంకియోలైటిస్, అంటే ఊపిరితిత్తుల్లోని సన్నని గాలిగొట్టాల వాపు) మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా ముదిరి, ఆ తర్వాతే తగ్గుముఖం పడుతుందని నీకూ నాకూ తెలుసు, అతనికి తెలియదు. తాను ఒట్టు తప్పినందుకే బిడ్డకు ఇలా అయిందని భయపడి రెండు రోజులు వార్డు ముఖం చూడలేదు. ఆ తల్లి ఒక్కతే మందుల చీటీకి, పాలకు, బిడ్డకు మధ్య పరుగులు పెట్టింది.

కాబట్టి ఎవరిచేతా ఒట్టు వేయించవద్దు, ఇంట్లోవాళ్లు వేయించబోతే మెల్లగా ఆపు. ఈ జబ్బు వైరస్ వల్ల వస్తుందని, ఇంట్లో పొగ ఉంటే అది తరచుగా వచ్చే అవకాశం, వచ్చినప్పుడు తీవ్రమయ్యే అవకాశం ఎక్కువని చెప్పు. అంతకు మించి ఒక్క మాట ఎక్కువైనా అది నింద అవుతుంది, నింద పడ్డ మనిషి నీ ఎదుట పడకుండా తిరుగుతాడు. ఆసుపత్రి ఆవరణలో పొగతాగితే 2003 నాటి చట్టం ప్రకారం రెండువందల రూపాయల దాకా జరిమానా ఉన్న మాట నిజమే, కానీ ఆ సంగతి వాచ్‌మన్‌కు వదిలెయ్యి. జరిమానా మాట ఎత్తిన నోటితో మానమని చెబితే వాళ్ల చెవికెక్కదు.

అడగడం మాత్రం అందరినీ అడగాలి. కేస్ షీట్ రాసేటప్పుడు టీకాలు, తల్లిపాలు, పొయ్యి కట్టెలదా గ్యాసా అని అడిగే వరుసలోనే, "ఇంట్లో ఎవరైనా బీడీ, చుట్ట, సిగరెట్ తాగుతారా?" అని మామూలు గొంతుతో అడుగు. అవునంటే రాసుకుని ఊరుకో. ఆక్సిజన్ నడుస్తున్న రాత్రి ఏమి చెప్పినా దండగే. బిడ్డ మళ్లీ పాలు తాగి, నెబ్యులైజర్ పెట్టడం నాలుగు గంటలకోసారి నుంచి ఆరు గంటలకోసారికి మారిన రోజున, తండ్రి ఒక్కడే ఉన్నప్పుడు కూర్చుని మాట్లాడు. అప్పుడు అడగవలసినది రెండే: పొద్దున లేచిన ఎంతసేపటికి మొదటి బీడీ, రోజుకు ఎన్ని. లేచిన అరగంటలోపే అంటే అలవాటు గట్టిగా పట్టుకుందని అర్థం, అతనికి మందు సాయం కావలసి రావచ్చు.

మన వైపు మగవాళ్లలో చాలామందికి ఒక అనుభవం ఉంటుంది, దాన్ని నేను ఎన్నోసార్లు వాడుకున్నాను. "ఎప్పుడన్నా మాల వేసుకున్నవా తమ్మీ?" అని అడిగితే కళ్లలో వెలుగు వస్తుంది. అయ్యప్ప దీక్షలో 41 రోజులు బీడీ ముట్టని మనిషి మానలేనని ఎలా అంటాడు? ఒళ్లు అడిగే తహతహ మొదటి మూడు రోజులు ఎక్కువగా ఉండి, మూడు నాలుగు వారాల్లో చాలావరకు తగ్గిపోతుంది, అంటే మాల తీసేనాటికి అతను కష్టమైన భాగం దాటేశాడన్నమాట. మళ్లీ ఎక్కడ అంటుకుంది అని అడుగు. మాల తీసిన సాయంత్రం స్నేహితులతోనో, కల్లు దగ్గరనో అని చెబుతాడు. మీరిద్దరూ కలిసి ఆలోచించవలసినది ఆ ఒక్క సాయంత్రం గురించే. (ఇతర మతాలవారిని ఉపవాసం రోజుల గురించి అడగవచ్చు. రంజాన్ నెలలో పగలంతా ముట్టనివాళ్లు వార్డులోనే కనిపిస్తారు.)

మానిన మొదటి వారంలో చిరాకు, నిద్రపట్టకపోవడం, ఆకలి, మలబద్ధకం వస్తాయని అతనికీ భార్యకూ ముందే చెప్పు. లేకపోతే ఆమె, "మానినప్పటి నుంచి మీద పడి కరుస్తున్నడు, తాగితేనే నయముండె" అంటుంది. ఈ మాట నా చెవులతో విన్నాను. తహతహ లేచినప్పుడు అది కొద్ది నిమిషాలే ఉంటుంది, ఆ కాసేపు నీళ్లు తాగడమో, సోంపు నమలడమో, బిడ్డను భుజాన వేసుకుని నాలుగడుగులు తిరగడమో చాలు. గుట్కా, ఖైనీలోకి మాత్రం మారనివ్వకు. మందుల దుకాణంలో దొరికే రెండు మిల్లీగ్రాముల నికోటిన్ గమ్‌ను చాలామంది చూయింగ్ గమ్‌లా గబగబా నమిలి, ఎక్కిళ్లు, కడుపులో మంట వచ్చి పారేస్తారు. నాలుక చురుక్కుమనేదాకా నెమ్మదిగా నమిలి, దవడకు పక్కన ఆనించి ఉంచి, చురుకు తగ్గాక మళ్లీ నమలాలి, అలా అరగంట. టీకి ముందూ, టీతో పాటూ వేసుకుంటే సరిగా పనిచేయదు. గుండెజబ్బు ఉన్నవాళ్లనూ, రోజుకు కట్టలు కాల్చేవాళ్లనూ డాక్టరుకు చూపించు.

"నేను బయటనే తాగుతనమ్మా" అనేవాళ్లు సగం మంది ఉంటారు. లోపల తాగడం కంటే అది మేలేనని ఒప్పుకో, ఆ తర్వాత అతని తువ్వాలును అతనినే వాసన చూడమను. పొగలోని మసి బట్టలకూ, మీసాలకూ, చేతులకూ అంటుకుని వస్తుంది, బిడ్డ పడుకునేది ఆ భుజం మీదనే. పూర్తిగా మానేదాకా చొక్కా మార్చి, చేతులూ మూతీ కడుక్కున్నాకే ఎత్తుకోమని చెప్పు. మానడానికి ఇది బదులు కాదు, కానీ ఈ పని చేసి చేసి విసిగి మానినవాళ్లను చూశాను.

మన ప్రాంతంలో ఇంకొక చిక్కు ఉంది. చాలా ఇళ్లలో తల్లి ఒడిలో చేట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు వేసి బీడీలు చుడుతుంటుంది, ఇల్లు గడిచేదే దానితో. ఆమె కూలి గురించి ఒక్క మాట కూడా అనవద్దు. చేట బిడ్డ పడుకునే గదిలో కాక అరుగు మీద పెట్టుకొమ్మను, బిడ్డకు పాలిచ్చే ముందు చేతులు సబ్బుతో కడగమను, చుట్టినవాటిలో నుంచి మగనికి తీసి ఇవ్వవద్దని చెప్పు.

డిశ్చార్జి చీటీలో మందుల కింద, మానే తేదీని అతనినే పలకమని నీ చేత్తో రాయి, దాని పక్కనే 1800-11-2356 కూడా రాయి. 2018 నుంచి బీడీ కట్టల మీదా, సిగరెట్ పెట్టెల మీదా అచ్చువేస్తున్న ఉచిత నంబరు ఇది, తెలుగులోనూ మాట్లాడతారు. చదువు రానివారైతే నీ ఎదుటే ఫోనులో పెట్టించు. మళ్లీ చూపించుకోవడానికి వచ్చిన రోజున ముందు బిడ్డను ఎత్తుకుని ఛాతీ విని, ఆ తర్వాతే అతని సంగతి అడుగు. మళ్లీ తాగానని తలవంచుకుంటే, ఎక్కడ, ఏ వేళ, ఎవరితో అని అడిగి, పాత తేదీని కొట్టివేయకుండా దాని కిందనే కొత్త తేదీ రాయి.

ఇట్లు,
మీ పెద్దక్క