రైతు ఉత్పత్తిదారుల సంఘంలో చేరితే మంచి ధర వస్తుందా?

ప్రశ్న: మాకు రెండెకరాల పొలం ఉంది. కోత కాగానే దళారి చెప్పిన ధరకే అమ్ముకోవలసి వస్తోంది. ప్రభుత్వ సాయంతో నడిచే రైతు ఉత్పత్తిదారుల సంఘంలో చేరితే ఈ పరిస్థితి మారుతుందా?

జవాబు: మారే అవకాశం ఉంది, అయితే చేరినంత మాత్రాన మారదు. కేంద్ర ప్రభుత్వం 2020 ఫిబ్రవరిలో ప్రారంభించిన పదివేల సంఘాల పథకంలో, మైదాన ప్రాంతాల్లో కనీసం 300 మంది రైతులతో ఏర్పడే సంఘానికి నిర్వహణ ఖర్చుల కోసం మూడేళ్లలో 18 లక్షల రూపాయల వరకు సాయం నిర్దేశించారు. సభ్యుల వాటా ధనానికి సమానంగా, ఒక్కొక్కరికి 2,000 రూపాయలకు మించకుండా, గరిష్ఠంగా 15 లక్షల గ్రాంటు కూడా ఉంది. కానీ సంఘం అసలు బలం ఈ డబ్బులో లేదు. ఒక్క రైతు తెచ్చే పది బస్తాల కోసం దూరపు వ్యాపారి రాడు. వందల మంది సరుకును ఒకచోట చేర్చి, ఆరబెట్టి, తేమ చూసి, గ్రేడింగ్ చేసి, లారీ నిండేంతగా చూపించగలిగినప్పుడే బేరమాడే శక్తి రైతు చేతికి వస్తుంది. 2016లో మొదలైన ఈ-నామ్ (ప్రభుత్వ ఆన్‌లైన్ జాతీయ వ్యవసాయ మార్కెట్) వేదికపై సంఘాలు తమ సేకరణ కేంద్రం నుంచే సరుకు వివరాలను ఉంచి వేలంలో పాల్గొనవచ్చు.

చేరే ముందు ఒక్క మాట తప్పక అడగండి (ఇందులో మొహమాటపడవలసింది ఏమీ లేదు): సరుకు అప్పగించిన ఎన్నాళ్లకు డబ్బు చేతికి వస్తుంది? చేతిలో పెట్టుబడి లేని సంఘం చెల్లింపు ఆలస్యం చేస్తే, అప్పు తీర్చవలసిన చిన్న రైతు మళ్లీ దళారి గుమ్మమే తొక్కుతాడు. గత ఏడాది లెక్కలు చూపమని కూడా కోరండి.