'ఇస్సాకు త్యాగం' అనవచ్చా?

సందేహం: దేవుడి ఆజ్ఞ మేరకు అబ్రాహాము తన కొడుకు ఇస్సాకును చంపడానికి సిద్ధపడిన బైబిల్ కథపై ఒక ఇంగ్లిష్ విమర్శ వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. 'ఇస్సాకు త్యాగం' అని రాస్తే, మిత్రుడొకరు 'బలి' అనాలన్నారు. కథలో కొడుకు బతికే ఉంటాడు, మరి బలి ఎలా అవుతుంది? బక్రీద్‌ను పత్రికలు 'త్యాగాల పండుగ' అంటున్నాయి కదా?

సమాధానం: 'కర్ణుడి త్యాగం' అంటే కర్ణుడు చేసింది. అదే లెక్కన 'ఇస్సాకు త్యాగం' అంటే వదులుకున్నవాడు ఇస్సాకే అవుతాడు. మీరు చెప్పదలచింది తండ్రి చేయబోయిన పని. ఇంగ్లిష్‌లో త్యాగం, బలి రెంటికీ 'శాక్రిఫైస్' అన్న ఒకే మాట సరిపోతుంది. మనం మాత్రం 'దేశం కోసం ప్రాణత్యాగం చేశాడు', 'ప్రమాదానికి బలయ్యాడు' అని వేరుచేసి చెబుతాం. కాబట్టి ఇక్కడ 'బలి' అనడమే నయం. బలి అంటే చంపడమే కానక్కర్లేదు. గుళ్లో ధ్వజస్తంభం దగ్గరి బలిపీఠం మీద పెట్టేది అన్నం ముద్దే. తెలుగు బైబిల్ కూడా ఆ బలిపీఠం మాటనే తీసుకుంది.

యూదులైతే ఈ కథను 'అకేదా' అంటారు. అంటే కట్టడం. బైబిల్ ఆదికాండం 22వ అధ్యాయంలో కొడుకు విషయంలో జరిగింది అంతే: కొడుకును కట్టి కట్టెల మీద పెట్టాడు, కత్తి ఎత్తాడు, దూత ఆపాడు. యూదు విద్వాంసుల మాట వచ్చినచోట 'ఇస్సాకు బంధనం' అనండి.

ఖురాన్‌లో (37వ సూరా) సంగతి వేరు. అక్కడ కొడుకు పేరే లేదు. నేడు ముస్లింలలో ఎక్కువమంది అబ్రాహాము మరో కొడుకు ఇస్మాయీల్ అంటారు, పాత వ్యాఖ్యాత తబరీ ఇస్‌హాక్ (ఇస్సాకు) వైపు మొగ్గాడు. తండ్రి తన కల చెప్పి 'నువ్వేమంటావు?' అని అడుగుతాడు. మీకు వచ్చిన ఆజ్ఞ నెరవేర్చండి అంటాడు కొడుకు. ఒప్పుకున్నవాడు కనుక 'ఇస్మాయీల్ త్యాగం' అన్నా తప్పుపట్టలేం. బక్రీద్ నాడు ఇచ్చే బలికి వాడే 'ఖుర్బానీ' మాటను మాత్రం అలాగే ఉంచండి. దాని ధాతువుకు 'దగ్గరవడం' అని అర్థం, హీబ్రూ 'కోర్బాన్' కూడా ఆ ధాతువుదే. బలి, త్యాగం రెండింటిలోనూ ఆ దగ్గరితనం లేదు.

ఇక విమర్శకుల సంగతి. 1843లో డేనిష్ తత్వవేత్త కీర్కెగార్డ్ అబ్రాహాము మనోవేదన దగ్గరే ఆగాడు. 1998లో మానవశాస్త్రవేత్త కెరల్ డెలానీ అడిగింది వేరే ప్రశ్న: బిడ్డను కాపాడుకోవడం కాక, చంపడానికి సిద్ధపడటం విశ్వాసానికి నమూనా ఎందుకయింది? తల్లి శారాను ఎవరూ అడగలేదేం? తనదైనదాన్ని వదులుకుంటేనే త్యాగం. బిడ్డ తండ్రి ఒక్కడి సొత్తా? మనవాళ్లయితే 'అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు' అనేవారేమో! మీ వ్యాసం ఈ కోవదైతే, 'త్యాగం' అని రాసిన క్షణమే ఆ వ్యాసకర్త వాదానికి ఎదురు తీర్పు ఇచ్చినట్టు.

శీర్షికకు 'ఇస్సాకును బలి ఇవ్వబోయిన కథ' అనండి. ఆ 'బోయిన'లోనే కొడుకు బతికాడన్నదీ వచ్చేస్తుంది.