శాస్త్రిగారి గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

లాల్ బహదూర్ శాస్త్రి మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. మొదటి పేజీలో విశేషణాలన్నీ కొట్టేసి చూడు: పుట్టిన తేదీ, ‘జై జవాన్ జై కిసాన్’, పోయిన తేదీ మిగులుతాయి. ఇంతమాత్రం బడిపిల్లలూ రాస్తారు.

పాలమూరులో ఉండి జడ్చర్ల వంతెనను ఎలా వదిలేశావయ్యా? 1956 సెప్టెంబరులో జడ్చర్లకూ మహబూబ్‌నగర్‌కూ మధ్య వంతెన కూలి, రైలు పడిపోయి, వందమందికి పైగా చనిపోయారు. అప్పటికి మనది ఇంకా హైదరాబాదు రాష్ట్రమే. రైల్వే మంత్రిగా ఉన్న శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో తమిళనాట అరియలూరు దగ్గర మరో ఘోర రైలు ప్రమాదం జరిగింది. మళ్లీ ఇచ్చారు. ఈసారి ఆమోదించారు, తప్పు ఆయనది కాదని చెబుతూనే. పాలమూరు ప్రమాదంతోనే పదవి పోయిందని చాలామంది రాసేస్తుంటారు. నువ్వు రెండింటినీ కలపకు. ఒకసారి వద్దన్నాక ఊరుకుంటే అడిగేవారు లేరు. రెండోసారీ ఇచ్చిన చోటే మనిషి దొరుకుతాడు.

1965 యుద్ధానికి నాలుగు పేజీలు దండగ. సైన్యాన్ని లాహోరు వైపు సరిహద్దు దాటించిన నిర్ణయం చెప్పి ముందుకు సాగు. ఆగవలసింది సోమవారం రాత్రి భోజనం దగ్గర. అమెరికా గోధుమల మీద ఆధారపడిన రోజుల్లో, వారానికో పూట మానుకొమ్మని ఆయన దేశాన్ని అడిగారు. మరి జొన్నగటక ఒక్క పూటే దొరికే పాలమూరు ఇంట్లో మానుకోవడానికి రెండో పూట ఏది? భక్తితో రాసేవాళ్లకు ఈ ప్రశ్న తోచదు. మక్తల్, నారాయణపేట వైపు ఎనభై దాటినవాళ్లను కలువు. శాస్త్రి గుర్తున్నారా అని మొదలుపెట్టకు; ఆ ఏడు ఇంట్లో ఏం వండుకున్నారో అడుగు, మిగతాది వాళ్లే చెబుతారు.

‘నిరాడంబరుడు’ తీసేసి కారు అప్పు పెట్టు. ప్రధానిగా ఉండి ఫియట్ కొనడానికి బ్యాంకులో 5,000 రూపాయలు తీసుకున్నారు. ఆయన పోయాక భార్య లలితా శాస్త్రిగారు పింఛనులోంచి తీర్చారు.

తాష్కెంట్ మరణం మీద నువ్వు అల్లిన అనుమానాల పేరాకు నీ దగ్గర ఆధారం లేదు, నా దగ్గరా లేదు. కొట్టెయ్యి. 1966 జనవరి 10న అక్కడ సంతకమైన ఒప్పందం ప్రకారం, కశ్మీరులో మనవాళ్లు ప్రాణాలొడ్డి గెలిచిన హాజీపీర్ కనుమను పాకిస్తాన్‌కు తిరిగి ఇవ్వవలసి వచ్చింది. దానిమీద రేగిన కోపం రాయి. అభిమానులకు నచ్చకపోవచ్చు, అయినా రాయి.

ఈసారి కాగితానికి ఒకవైపే రాసి పంపు. నాకు కొట్టివేతలకు చోటు కావాలి.

నీ అన్న,
మహబూబ్‌నగర్