పాత ఎక్సెల్‌లో మేత ఖాతా తప్పు చూపిస్తుంటే

అల్లూరులో మీ కొత్త ల్యాప్‌టాప్‌లో చక్కగా ఉన్న రొయ్యల మేత ఖాతా, కావలి దుకాణంలోని ఎక్సెల్ 2010లో తెరిచి బస్తాల లెక్క మార్చగానే ధరల గడుల్లో ‘#నేమ్?’ అని వస్తోందన్నారు. కంగారు పడకండి, ఫైలు పాడవలేదు. ఆ గడి మీద నొక్కి పైన సూత్రం చూడండి. పేరును బట్టి ధరను వెతికి తెచ్చే ఎక్స్‌లుకప్ ఫంక్షన్ ముందు ‘_ఎక్స్ఎల్ఎఫ్ఎన్’ అని అతుక్కుని ఉంటుంది. ఆ ఫంక్షన్ తనకు తెలియదని పాత ఎక్సెల్ చెప్పే తీరు అది. ఎక్స్‌లుకప్ ఎక్సెల్ 2021లోనూ, మైక్రోసాఫ్ట్ 365లోనూ ఉంది. 2019లో కూడా లేదు. తెరవగానే అంకెలు సరిగ్గా కనిపించాయంటే, అవి ఫైల్లో మిగిలిన పాత లెక్క ఫలితాలు. మళ్లీ లెక్కించాల్సి వచ్చినప్పుడే తప్పు బయటపడుతుంది.

మీ ల్యాప్‌టాప్‌లోనే సూత్రం ఇలా మార్చండి: =ఇండెక్స్(ధరల కాలమ్, మ్యాచ్(మేత పేరు, పేర్ల కాలమ్, 0)). ఫంక్షన్ల పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టాలి. చివరి సున్నాను మాత్రం దయచేసి మరవకండి. అది లేకపోతే ఒక మేతకు ఇంకో మేత ధర పడవచ్చు, అది కంటికి తప్పులా కూడా కనిపించదు.

‘97-2003’ రూపంలో సేవ్ చేయమని ఎవరైనా చెబితే వినకండి. దానితో ఈ చిక్కు తీరదు, పైగా 65,536 అడ్డు వరుసలు దాటిన సమాచారమంతా పోతుంది. సూత్రాలు మార్చే తీరిక లేకపోతే దుకాణం కంప్యూటర్లో ఎక్సెల్ లాంటి పనే చేసే, ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ 24.8 గానీ ఆ తర్వాతి వెర్షన్ గానీ వేయించండి, అందులో ఎక్స్‌లుకప్ ఉంది.