ఆగిపోతే ఏమవుతుంది? మట్టి లేని తోటపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మేమిద్దరం ఉపాధ్యాయులుగా పదవీ విరమణ చేసి హనుమకొండలో సొంత ఇంట్లో ఉంటున్నాము. ఇన్నాళ్ళూ మిద్దె మీద కుండీల్లో ఆకుకూరలు పెంచుకునేవాళ్ళం గాని, మోకాళ్ళ నొప్పులతో బకెట్లు మోయడం ఇక నా వల్ల కావడం లేదు. మొలిచిన నాలుగు మొక్కలనూ కోతులు పీకేస్తున్నాయి. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి, మట్టి లేకుండా పోషకాల నీటిలోనే మొక్కలు పెంచే, దానంతట అదే నడిచే హైడ్రోపోనిక్ సెట్టు కొనిస్తానని మూడు రకాలు చూపించాడు: వంటింటి గట్టు మీద పెట్టుకునే లైటు ఉన్న పెట్టె, 36 రంధ్రాల పైపుల స్టాండు, గాలి పంపుతో నడిచే తొట్టి. మనుమరాలిని చూడటానికి నెలకోసారి వెళ్ళి పది రోజులు అక్కడే ఉంటాము. వీటిలో తక్కువ చాకిరీతో నడిచేది ఏది? – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: టీచరు గారూ, ఇలాంటి సెట్టు అమ్మేవాళ్ళు అది ఎంత బాగా నడుస్తుందో చెబుతారు. మీరు మాత్రం అది ఆగిపోయిన రోజు మొక్కలు ఎంతసేపు బతికి ఉంటాయో అడగండి. నెలలో పది రోజులు తాళం వేసి ఉండే ఇంటికి, ఏప్రిల్ దాటితే ఎండ నలభై డిగ్రీలు మించే ఊరికి, ఈ ఒక్క ప్రశ్న తేల్చినంతగా మరేదీ తేల్చదు.

పైపుల స్టాండును ముందే పక్కన పెట్టమంటాను. చూడటానికి మూడింటిలో అందమైనది అదే. కొద్దిపాటి వాలులో బిగించిన పైపుల అడుగున పోషకాలు కలిపిన నీరు పల్చని పొరలా పారుతూ ఉంటుంది, వేళ్ళకు తడీ గాలీ రెండూ అందుతాయి. పంపు నడిచినంతసేపూ మొక్కలు ఏపుగా పెరుగుతాయి గాని, వేళ్ళ దగ్గర నీటి నిల్వ ఉండదు గనుక పంపు ఆగితే మే నెల మధ్యాహ్నం గంట రెండు గంటల్లోనే ఆకులు వాలిపోతాయి. ఇంకొక లెక్క కూడా చూడండి. ఎదిగిన ఆకుకూర మొక్క వేసవిలో రోజుకు పావు లీటరు దాకా నీరు తాగుతుంది. అంటే 36 మొక్కలకు రోజుకు తొమ్మిది లీటర్లు. కింద ఉండే ఇరవై లీటర్ల డబ్బా రెండు రోజులకే అడుగంటుతుంది.

మా ఇంట్లో మొదట పెట్టింది ఈ పైపుల స్టాండే కాబట్టి అనుభవంతోనే చెబుతున్నాను. పళ్ళ చక్రం ఉన్న సాదా టైమరు తగిలించి, పగలు పావుగంట నడిచి పావుగంట ఆగేలా, రాత్రి పది నుంచి తెల్లవారుజామున ఐదు దాకా గంటకొక్కసారి నడిచేలా పళ్ళు నొక్కిపెట్టి, మే నెలలో ఒక పెళ్ళికని ఊరు వెళ్ళాము. ఆ వారం రోజూ ఒక గంట కరెంటు పోయింది. తిరిగి వచ్చి తాళం తీసేసరికి గోడ గడియారం పదకొండు చూపిస్తోంది, టైమరు మీది బాణం మాత్రం తెల్లవారుజాము నాలుగు దగ్గర ఉంది. కరెంటు పోయినప్పుడల్లా ఆ చక్రమూ ఆగి, రోజుకు గంట చొప్పున వారంలో ఏడు గంటలు వెనకబడింది. రాత్రికి పెట్టిన పొదుపు ఎండెక్కిన వేళకు వచ్చి పడటంతో పాలకూర తడిగుడ్డలా పైపుల అంచున వేలాడుతూ కనిపించింది. ఏ సెట్టు కొన్నా సరే, లోపల బ్యాటరీ ఉండి కరెంటు పోయినా సమయం మరచిపోని డిజిటల్ టైమరే తీసుకోండి.

వంటింటి పెట్టె నిజంగానే తక్కువ పని పెడుతుంది. ఇంటి లోపల ఉంటుంది గనుక కోతుల బెడద లేదు, ఎండ దెబ్బ లేదు. లైటు 24 వాట్లదై రోజుకు పదిహేను గంటలు వెలిగితే నెలకు పదకొండు యూనిట్లకు మించదు. కానీ అందులో పట్టే నీరు మూడు నుంచి ఐదు లీటర్లే గనుక మొక్కలు ఎదిగాక మీరు వెళ్ళే పది రోజులకు చాలదు. పండేది కూడా చారు మీద చల్లుకునేంత కొత్తిమీర, టీలోకి నాలుగు పుదీనా ఆకులు. పాలకూర పప్పుకు సరిపడా కోయాలని ఆశిస్తే నిరాశ తప్పదు. పైగా కొన్ని పెట్టెలకు ఆ కంపెనీ అమ్మే విత్తనపు గుళికలే సరిపోతాయి, కాబట్టి మామూలు స్పాంజి ముక్క అందులో ఇముడుతుందో లేదో కొనేముందే అడగండి.

నేను మీకు చెప్పేది గాలి పంపు తొట్టి. నలభై లీటర్ల తొట్టిలో ఎనిమిది మొక్కలు పెడితే, అవి వేసవిలో రోజుకు రెండు లీటర్లు తాగినా, పది రోజుల తరవాత సగం నీరు మిగిలే ఉంటుంది. కరెంటు పోతే గాలి బుడగలు ఆగుతాయి గాని వేళ్ళు నీటిలోనే ఉంటాయి, కొన్ని గంటలపాటు మొక్కకు ప్రమాదం లేదు. నీటిని అంచు దాకా నింపకుండా మూత కింద మూడు నాలుగు సెంటీమీటర్ల ఖాళీ ఉంచితే, ఆ ఖాళీలో పెరిగే వేళ్ళు నేరుగా గాలి పీల్చుకుంటాయి. ఈ సూత్రం ఒక్కదాని మీదే, పంపు అసలు లేకుండా లెట్యూస్ అనే సలాడ్ ఆకును పెంచే పద్ధతిని హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన క్రాట్కీ అనే ఉద్యాన శాస్త్రవేత్త ప్రచారంలోకి తెచ్చారు. అందులో మొక్కకు సుమారు నాలుగు లీటర్ల నీరు మొదట్లోనే పోసి వదిలేస్తారు, నీరు తగ్గేకొద్దీ గాలి వేళ్ళు పెరుగుతాయి. అలా పెరిగాక జాలిపడి మళ్ళీ నిండుగా పోస్తే ఆ వేళ్ళు మునిగి మొక్క చెడుతుంది.

ఈ తొట్టికి ఒక చిన్న ఏర్పాటు చేయించండి. ఎయిర్ కూలర్‌లో నీరు ఒక మట్టానికి రాగానే ఆపే బంతి లాంటి ఫ్లోట్ ఉంటుంది కదా, అదే తొట్టికి బిగించి, పక్కన ఎత్తు బల్ల మీద మూత ఉన్న యాభై లీటర్ల డ్రమ్ము పెట్టి సన్నని పైపుతో కలిపితే, మొక్కలు తాగినంత నీరు దానంతట అదే దిగుతుంది. కరెంటుతో పని లేదు, ఫోనుతోనూ పని లేదు. ఎండాకాలంలో మొక్కలు పోషకాలకన్నా నీటినే ఎక్కువ తీసుకుంటాయి గనుక డ్రమ్ములో పూర్తి ద్రావణం కాక సగం బలం ద్రావణమో, ఉత్త నీళ్ళో ఉంచాలి. లేకపోతే తొట్టిలో ఉప్పు పేరుకుని ఆకు అంచులు మాడతాయి. తొట్టి అడుగున ఒక కుళాయి కూడా పెట్టించండి. రెండు మూడు వారాలకోసారి పాత ద్రావణాన్ని గొట్టంతో మీ పాత కుండీల్లోకే వదిలేయవచ్చు, బకెట్టు ఎత్తే పని ఉండదు. గాలి పంపును మాత్రం నీటి మట్టానికి పైన గోడకు తగిలించాలి. కింద నేల మీద పెడితే కరెంటు పోయినప్పుడు గాలి గొట్టంలోంచి నీరు వెనక్కి పాకి పంపులోకి చేరుతుంది. చేపల తొట్టి సామాను అమ్మే దుకాణాల్లో కరెంటు పోగానే బ్యాటరీ మీద నడిచే గాలి పంపులు కూడా దొరుకుతాయి.

మన ప్రాంతంలో ఈ తొట్టికి అసలు శత్రువు వేడి. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. ఇరవై డిగ్రీల దగ్గర లీటరుకు తొమ్మిది మిల్లీగ్రాములుండేది ముప్పై డిగ్రీలకు ఏడున్నరకు దిగుతుంది, వేరుకుళ్ళు తెగులు కూడా ఆ వెచ్చదనంలోనే విజృంభిస్తుంది. అందుకే మిద్దె ఆలోచన మానుకుని, ఉదయపు ఎండ నాలుగైదు గంటలు తగిలి ఆ తరవాత నీడ పడే వెనక వాకిట్లో తొట్టి పెట్టండి. బయట తెల్ల రంగు ఉండి వెలుతురు లోపలికి చొరని తొట్టి అయితే నీరు వేడెక్కదు, పాచీ పట్టదు. కోతులకు ఇనుప జాలీ గది తప్ప మరో మందు లేదు, ఆకుపచ్చ నీడ వలను అవి ఒక పూటలో చించేస్తాయి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా లెట్యూస్, కొత్తిమీర జోలికి పోకుండా తోటకూర, బచ్చలి, పొన్నగంటికూరతో సరిపెట్టుకుంటే మేలు. చివరి రెండూ కాడ గుచ్చితే నీటిలోనే వేళ్ళు వేస్తాయి, విత్తనం మొలిచిందా లేదా అని చూసుకునే పని కూడా తప్పుతుంది.

ఇక కొన్ని సెట్లలో ఉండే, ఫోనుకు కబురు పంపే సదుపాయం గురించి. నీళ్ళు తగ్గాయని హైదరాబాదులో ఫోను మోగితే హనుమకొండలో పోసేదెవరు? పోషకాలనూ, నీటి ఆమ్ల గుణాన్ని చెప్పే పీహెచ్ అంకెనూ తానే సరిచేసే యంత్రం ఇంకా ఖరీదైనది, చాకిరీ అంతకన్నా ఎక్కువ. దాని పీహెచ్ కడ్డీ కొసన ఉండే గాజు బుడ్డి ఎప్పుడూ తడిగా ఉండాలి, నెలకోసారి పీహెచ్ 7, 4 ఉన్న ద్రావణాల్లో ముంచి సరిచూడాలి, ఒకటి రెండేళ్ళకు మార్చాలి. ఆ కడ్డీ లెక్క తప్పితే మీరు లేని పది రోజులూ యంత్రం నమ్మకంగా ఆమ్లం పోస్తూనే ఉంటుంది. మీ అబ్బాయి అంత ఖర్చుకు సిద్ధంగా ఉంటే ఆ డబ్బుతో రెండో తొట్టి కొనిపించుకోండి.

ప్రశ్న: మా బోరు నీటిలో కరిగిన ఉప్పుల లెక్క, అదే టీడీఎస్, 700 చూపిస్తోంది. పోషకాలు తానే కలుపుకునే యంత్రం కొన్నాను గాని పాలకూర పసుపు రంగులోకి మారి ఎదగడం లేదు. యంత్రంలో లోపమా? నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19-19-19 ఎరువు కలపవచ్చా? – ఒక పాఠకుడు, పరకాల

జవాబు: యంత్రం తన పని తాను సరిగ్గానే చేస్తోంది. నీటిలో ఉప్పు ఎంత ఉందో దానికి తెలుస్తుంది గాని, అది ఏ ఉప్పో తెలియదు. 700 టీడీఎస్ అంటే, నీటిలో కరెంటు పారే తీరును బట్టి ఉప్పును కొలిచే ఈసీ లెక్కలో దాదాపు 1.4. ఆకుకూరలకు మొత్తం మీద కావలసింది 1.2 నుంచి 1.8. మీరు 1.6 అని పెట్టి ఉంటే, బోరు నీటిలోని ఉప్పునే పోషకంగా లెక్కవేసుకుని యంత్రం ఇంకొక చెంచాడు మాత్రమే కలిపి ఊరుకుంటుంది, మొక్క పస్తులుంటుంది. దీనికి తోడు అలాంటి నీటిలోని బైకార్బొనేట్లు పీహెచ్‌ను పైకి లాగుతూ ఉంటాయి. పీహెచ్ 5.5 – 6.5 మధ్య ఉండాల్సింది 7 దాటితే ఇనుము మొక్కకు అందదు. లేత ఆకు పసుపుగా మారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే కారణం అదేనని అనుకోవచ్చు. నిమ్మ ఉప్పు వేస్తే పీహెచ్ దిగుతుంది గాని నీటిలోని సూక్ష్మజీవులు దాన్ని తినేయడంతో రెండు మూడు రోజుల్లో మళ్ళీ ఎక్కుతుంది, ఫాస్ఫారిక్ ఆమ్లం అంతకన్నా నిలుస్తుంది.

మీటరు మార్చడం కన్నా నీరు మార్చడం తేలిక. ఒక వంతు బోరు నీటికి మూడు వంతులు ఆర్వో నీరు కలిపితే టీడీఎస్ సుమారు 200కు దిగుతుంది. ఇంటికి మిషన్ భగీరథ నల్లా ఉంటే ముందు ఆ నీటిని మీటరుతో చూడండి, అదే సరిపోవచ్చు. వానాకాలంలో మొదటి వాన మిద్దెను కడిగిపోయాక పట్టి మూతపెట్టుకున్న నీటికి మించినది లేదు. ఆర్వో యంత్రం బయటికి వదిలే వృథా నీటిని మాత్రం పొదుపు పేరుతో తొట్టిలో పోయకండి, అందులో ఉప్పు బోరు నీటికన్నా ఎక్కువ.

19-19-19 వద్దు. అందులోని నత్రజనిలో ఎక్కువ భాగం యూరియా రూపంలో ఉంటుంది. మట్టిలోనైతే సూక్ష్మజీవులు దాన్ని మొక్కకు పనికొచ్చేలా మారుస్తాయి, నీటి తొట్టిలో ఆ పని సరిగా జరగదు. పైగా అందులో కాల్షియం లేదు. హైడ్రోపోనిక్స్ కోసమే చేసిన, ‘ఏ’, ‘బీ’ అని రెండు సీసాల్లో వచ్చే ద్రావణాలు కొని, ఒకటి నీటిలో పూర్తిగా కలిసిన తరవాతే రెండోది పోయండి. రెండు సీసాలనూ ముందే ఒకదానిలో ఒకటి కలిపితే కాల్షియం గడ్డకట్టి తెల్లని సుద్దలా అడుగుకు దిగిపోతుంది, మొక్కకు దక్కదు.

ప్రశ్న: ఇంట్లో చిన్న పిల్లలున్నారు. నీరు నిల్వ ఉండే తొట్టి పెడితే డెంగీ దోమలు రావా? – ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: వస్తాయి, మూత సరిగా లేకపోతే. డెంగీ దోమకు శుభ్రమైన నిల్వ నీరే ఇష్టం, గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. మొక్క పెట్టిన రంధ్రం చుట్టూ స్పాంజి బిగువుగా ఉండాలి, ఖాళీ రంధ్రాలను మూసేయాలి, డ్రమ్ము మూతకూ పైపు దూరే చోటుకూ సన్నని దోమల జాలీ కట్టాలి. వారానికోసారి మూత ఎత్తి టార్చి వేసి చూడండి, పురుగులు గిలగిలలాడుతుంటే వెలుతురుకు వెంటనే కనిపిస్తాయి.

ప్రశ్న: మా చపాటా మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, దాన్ని ఆకుకూరల తొట్టిలోనే పెంచవచ్చా? – ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: ఒకే తొట్టిలో వద్దు. కాయ పట్టే దశలో మిరప అడిగే పోషకాల బలం ఈసీ 2 దాటుతుంది, ఆ బలం పక్కనున్న ఆకుకూరలకు ఎక్కువవుతుంది. మిరప ఐదారు నెలల పంట కూడా. పుంటికూరలా కోసుకుని మళ్ళీ నాటే వీలుండదు, వేళ్ళు బలిసి తొట్టినంతా ఆక్రమిస్తాయి. సరదా తీరాలంటే పదిహేను, ఇరవై లీటర్ల బకెట్టులో కొబ్బరి పొట్టు నింపి ఒక్క మొక్క పెట్టి, ఊతకర్ర కట్టి, చుక్క నీటి పైపు ఇవ్వండి. తామర పురుగు కోసం మొగ్గ దశ నుంచే రెండు రోజులకోసారి పువ్వును తెల్ల కాగితం మీద తట్టి చూడాలి. 2021–22లో మన వైపు మిరప తోటలను ఊడ్చిపెట్టిన నల్ల తామర పురుగు పువ్వుల్లోనే దాక్కుంటుంది, కాగితం మీద రాలితే తప్ప కంటికి ఆనదు.