కాశీలో అమ్మ చెయ్యి వదలకు

చిట్టితల్లీ,

కాశీలో కారూ గైడూ మాట్లాడావట. పొద్దున గుళ్లు, మధ్యాహ్నం సారనాథ్, అన్నీ ఒక్క రోజులోనే అట. మీ అమ్మ ఫోన్‌లో చెబుతుంటే ఎంత మురిసిపోయానో! నీ జీతం డబ్బుతో అమ్మని కాశీ తీసుకెళ్తున్నావు. కానీ ఫోన్ పెట్టేశాక రాత్రంతా నిద్ర పట్టలేదు.

శుక్రవారం మాత్రం పెట్టుకోకు, ఆ రోజు సారనాథ్ మ్యూజియానికి సెలవు. తెల్లారకముందే పడవెక్కండి. మణికర్ణిక దగ్గర ఫోన్ తీసి ఫొటోలు కొట్టకు, అక్కడ కాలుతున్నది ఎవరో ఒకరి ఇంటి మనిషి. విశ్వనాథుడు, అన్నపూర్ణ, విశాలాక్షి దగ్గరదగ్గరే. మీ అమ్మ మోకాళ్లు నీకు తెలుసుగా, ఘాట్ మెట్లు ఊరికే ఎక్కించి దించకు.

ఇక నాకు నిద్ర లేకుండా చేసిన సంగతి. 98లో మీ అమ్మమ్మని నేనూ ఇలాగే తీసుకెళ్లాను. ఆ గైడ్‌కి ఎంతసేపూ టైమే. "జల్దీ, జల్దీ" అంటూ ముందు నడుస్తుంటే, నేను అతని వీపు చూసుకుంటూ నడిచాను. అమ్మ వెనకే వస్తోందనుకున్నాను. విశ్వనాథ్ గల్లీ ఎంత ఇరుకో చూస్తావుగా. ఒక ఆవు అడ్డం నిలబడితే రెండు వైపులా జనం ఆగిపోతారు. గల్లీ దాటి వెనక్కి తిరిగి చూస్తే అమ్మ లేదు.

మూడు గంటలు వెతికాను. అమ్మకి హిందీ ఒక్క ముక్క రాదు. దిగిన చోటు పేరు కూడా నేను చెప్పలేదు, నేనున్నానుగా అనుకున్నాను. గుడి దగ్గర, ఘాట్ దగ్గర కనపడినవాళ్లందరినీ అడిగాను. గంగ వైపు చూడాలంటేనే భయమేసింది. చివరికి ఎవరో, తెలుగువాళ్లయితే మానససరోవర్ ఘాట్ దగ్గర ఆంధ్రాశ్రమంలో అడగమన్నారు. పరుగెత్తాను.

అరుగు మీద కూర్చుని ఉంది మీ అమ్మమ్మ. తెలుగు యాత్రికులెవరో ఆమె ఏడుస్తూ మాట్లాడటం విని తీసుకొచ్చారట. ఒళ్లో నా చెప్పులున్నాయి, పైట చెంగులో చుట్టి. పూల కొట్టు దగ్గర విడిచినవి ఆ తొందరలో నేను మర్చిపోయాను, అవి తేవడానికి వెనక్కి వెళ్లిందట. అప్పటిదాకా నేను వట్టికాళ్లతో తిరుగుతున్నానని నాకే తెలియలేదు. అమ్మ కింద కూర్చుని నా పాదాలు తుడిచి చెప్పులు తొడిగింది. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఫోన్ ఉందిగా పెద్దమ్మా అంటావు. విశ్వనాథుడి గుడిలోకి ఫోన్లు రానివ్వరమ్మా, బయట లాకర్‌లో పెట్టి పోవాలి. సరిగ్గా ఆ జనంలోనే నీ దగ్గర ఫోన్ ఉండదు. అందుకే దిగిన చోటు పేరు, నీ నంబరు హిందీలో రాయించి అమ్మ కొంగున ముడెయ్యి. తప్పిపోతే ఎక్కడ నిలబడాలో ప్రతి గుడి ముందూ చెప్పు. గైడ్ తొందరపెడితే ఆగమను. డబ్బులిచ్చేది నువ్వు, భయపడకు.

ఆ రోజు మాకు సారనాథ్ పడలేదు. మళ్లీ వెళ్దామనుకుంటూనే ఉండగా అమ్మ పోయింది. నేనొక్కదాన్నే వెళ్లాను తర్వాత. పది కిలోమీటర్లే, కానీ కాశీ గోల అంతా వెనకే ఉండిపోతుంది. బుద్ధుడు అయిదుగురు శిష్యులకి మొదటిసారి ధర్మం చెప్పిన చోటు అది. ధామేక్ స్తూపం 43 మీటర్ల ఎత్తుంటుంది. కింద రాతి మీద చెక్కిన తీగలూ పూలూ దగ్గరికెళ్లి చూడండి. పక్కనే ధర్మరాజిక స్తూపానికి ఇప్పుడు అడుగు భాగమే మిగిలింది. 1794లో ఇటుకల కోసం దాన్ని కూల్చేశారు. నాకు అక్కడ కడుపు తరుక్కుపోయింది. 1931లో కట్టిన మూలగంధకుటి విహారంలో గోడల నిండా జపాన్ చిత్రకారుడు వేసిన బుద్ధుడి కథ ఉంటుంది. అమ్మని అక్కడ కాసేపు కూర్చోబెట్టు, చల్లగా ఉంటుంది.

మ్యూజియంలోకి అడుగు పెట్టగానే అశోకుడి సింహాలు. మీ అమ్మమ్మ రూపాయి బిళ్ల చేతిలో తిప్పుతూ, "మూడే కనపడుతున్నాయే, నాలుగోది ఎలా ఉంటుందో చూడాలి" అనేది. మీ అమ్మని చెయ్యి పట్టుకుని వెనక వైపుకి తీసుకెళ్లు. ఆ నాలుగోదాన్ని చూపించు.

మీ పెద్దమ్మ