లాంగ్టన్ లూప్ తనను తాను ఎలా కాపీ చేసుకుంటుంది? ప్రోగ్రామ్ రాస్తే ఎందుకు చెదిరిపోతుంది?

గళ్ల పలకపై ప్రతి గడీ ఒకే నియమాల ప్రకారం అడుగడుగునా స్థితి మార్చుకునే నమూనాను సెల్యులార్ ఆటోమేటన్ అంటారు. అందులో తనను తాను కాపీ చేసుకునే ఆకారమే క్రిస్టఫర్ లాంగ్టన్ 1984లో ప్రకటించిన ఈ లూప్. ఇది 86 గడులది. గడికి 8 స్థితులు, 0 నుంచి 7 వరకు. తర్వాతి స్థితిని తేల్చేది ఆ గడీ, దాని నాలుగు పక్కల గడులూ మాత్రమే.

లూప్‌ను ఒక గొట్టంలా ఊహించుకోండి. 2 స్థితి గడులు దాని గోడలు, లోపలి దారి 1. ఆ దారిలో సంకేతాలు తిరుగుతుంటాయి: 7 వెనకాలే 0 వస్తే లూప్ నుంచి బయటికి మొలిచిన చేయి ఒక గడి ముందుకు సాగుతుంది, రెండు 4లు వరసగా వస్తే ఎడమకు తిరుగుతుంది. అసలు కిటుకు చేయి మొలిచిన కూడలి దగ్గరుంది. అక్కడికొచ్చిన ప్రతి సంకేతం రెండవుతుంది, ఒకటి లూప్‌లోనే తిరుగుతుంది, రెండోది చేతి కొసకు పోతుంది. అంటే ఒకే సమాచారం ఆదేశంగా అమలవుతుంది, వారసత్వంగా కాపీ కూడా అవుతుంది. నాలుగు చుట్లకు నాలుగు భుజాలు ఏర్పడి, చేయి తననే తాకుతుంది, పాత, కొత్త లూపులను కలిపే బొడ్డుతాడు తెగుతుంది. మొత్తం 151 అడుగులు.

ప్రోగ్రామ్‌లో తప్పు సాధారణంగా రెండు చోట్లే. గడుల విలువలుండే ఒకే శ్రేణిని (array) చదువుతూ అందులోనే రాస్తే పక్క గడి కొత్త విలువ ముందే కనపడి సంకేతాలు చెడిపోతాయి. రెండు శ్రేణులు పెట్టి, అడుగు పూర్తయ్యాకే మార్చండి. ఇక, గడి తర్వాతి స్థితిని చెప్పే పట్టికలోని 219 నియమాల్లో ఒక్కోదాన్నీ నాలుగు దిక్కులకూ తిప్పి చేర్చాలి, అద్దంలో బొమ్మలా తిరగేసి మాత్రం కాదు. తిప్పకపోతే చేయి మొదటి మలుపు దగ్గరే పాడవుతుంది.

చోటు చాలని లూపులు సంకేతాలు పోగొట్టుకుని నిలిచిపోతాయి. అది బగ్ కాదు, పగడపు దిబ్బలా అంచులే పెరగడం దీని స్వభావం.